ఖాళీ తీగల మేడం

ఆవిడ పోయారన్న కబురు మాకు వెంటనే అందలేదు. సాధన గదిలో ఫోన్లు మోగకూడదన్నది ఆవిడ పెట్టిన నియమమే. టీ తాగడానికి బయటికి వచ్చి చూసుకుంటే, వాళ్ళాయన నంబరు నుంచి అందరికీ మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఆయన మామూలుగా ఎవరికీ ఫోన్ చేసే మనిషి కాదు. తిరిగి ఫోన్ చెయ్యకముందే మాకు విషయం అర్థమైపోయింది.

మర్నాడు పేపర్లో ఆవిడ పుట్టిన ఊరు, గురువుగారి పేరు, జరిగిన సన్మానాలు, అన్నీ వేశారు. అవన్నీ నిజమే. నాకు తెలిసినవి మాత్రం వేరే సంగతులు. నేను ఆవిడకి ఎదురుగా కూర్చున్నవాణ్ణి.

రాజమండ్రి బయట ఉన్న మా యూనివర్సిటీ సంగీత విభాగానికి ఒక తంత్రీ బృందం ఉంది. క్వార్టెట్ అంటారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. మేమంతా అక్కడి ఉద్యోగులమే. పిల్లలకి పాఠాలు చెప్పడం, నెలనెలా సెమినార్ హాల్లో కచేరీ చెయ్యడం, పిలిచిన ఊళ్ళకి వెళ్ళి వాయించడం మా పని. సగం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, సగం మన రాగాలు. వెంటపడి ఈ బృందాన్ని పెట్టించింది ఆవిడే. మొదటి వయొలిన్ ఆవిడది. రెండోది ఆవిడ శిష్యురాలు సుధీరది. మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే పెద్ద చెల్లో జోసెఫ్ గారిది. ఆయనది భీమవరం దగ్గర పల్లెటూరు, చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్నారు. వయోలా నాది. చూడ్డానికి అదీ వయొలిన్‌లాగే ఉంటుంది గానీ కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. నేను నిడదవోలు నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్ళేవాణ్ణి.

మేం కూర్చునే పద్ధతిలో మొదటి వయొలిన్‌కి ఎదురుగా వయోలా ఉంటుంది. అందువల్ల ఆవిడ ముఖం, ఎడంచేతి వేళ్ళు, కమాను పట్టుకున్న కుడిచెయ్యి నాకు రోజూ కనిపించేవి. ఇంట్లో వాళ్ళని కూడా నేను అంత పరీక్షగా చూసి ఉండను.

ఆవిడ ఎవర్నీ నువ్వు అనేవారు కాదు. మమ్మల్నే కాదు, మొదటి సంవత్సరం పిల్లల్ని కూడా మీరు అనేవారు. సంగీత విభాగం మెట్ల మీద పడుకునే ఒక గోధుమరంగు కుక్క ఉండేది. వయొలిన్ పెట్టె పట్టుకుని మెట్లెక్కుతూ దాన్ని కూడా "కాస్త తప్పుకోండి" అనేవారు. అది లేచి తప్పుకునేది. మేం ఎంత అదిలించినా కదిలేది కాదు.

బాగుంది అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. బాగా కుదిరిన రోజున "ఇవాళ కల్యాణి ఉందండి" అనేవారు. కుదరని రోజున "ఇవాళ లేదు. రేపు చూద్దాం" అనేవారు. బజారుకి వెళ్ళి కూరగాయలు దొరికాయో లేదో చెప్పినట్టు ఉండేది ఆ చెప్పడం. మేం కూడా అలాగే మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. రైలు దిగి గదిలోకి వస్తూ నేను "ఉందా?" అని అడిగితే జోసెఫ్ గారు తల అడ్డంగా ఊపి "ఇంకా రాలేదండి" అనేవారు.

తప్పు జరిగితే ఆపండి అని అనేవారు కాదు. వాయిస్తూ వాయిస్తూ కమాను దించి ఒళ్ళో పెట్టుకునేవారు. ఒకళ్ళ తరవాత ఒకళ్ళం ఆగిపోయేవాళ్ళం. తరవాత చాలాసేపు గదిలో మాట ఉండేది కాదు. ఎవరిది తప్పో వాళ్ళకే తెలియాలి. తెలిసినవాళ్ళు "నాదండి" అనాలి. ఎవరూ అనకపోతే ఆవిడే "అయితే నాదే అయ్యుంటుంది" అని మళ్ళీ మొదలుపెట్టేవారు. మొదట్లో నాకది ఎత్తిపొడుపులా అనిపించేది. కొన్నాళ్ళకి తెలిసింది, ఆవిడ నిజంగానే అనుమానపడేవారని.

మా తొలి కచేరీకి ఊళ్ళో సంగీతం వినేవాళ్ళంతా వచ్చారు. మొదటి వరసలో కూర్చున్న ఒక పెద్దాయన మేం వేదిక ఎక్కగానే లేచి, "మృదంగం ఏదండీ?" అని అడిగారు.

"లేదండి. తాళం మేమే వేసుకుంటాం" అన్నారు ఆవిడ.

"వయొలిన్లు పట్టుకుని ఎలా వేస్తారండీ?"

"అదే చూద్దురుగాని, కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. ఆ తరవాత ప్రతి కచేరీకీ వచ్చారు.

అమలాపురం వైపు వెళ్ళి వచ్చేటప్పుడు రావులపాలెంలో కారు ఆపించి, చక్రకేళి గెల కొనడం ఆవిడకి అలవాటు. వెనక సీట్లో జోసెఫ్ గారి చెల్లో పక్కన గెల కూర్చునేది. ఆ వారమంతా సాధన మధ్యలో అందరికీ అరటిపళ్ళే. తిన్నాక చేతులు కడుక్కు రావాలి. కడుక్కున్న చేతులు ఆవిడకి చూపించాలి, బళ్ళో పిల్లల్లాగా. జోసెఫ్ గారికి అప్పటికే మనవలున్నారు. ఆయనా చూపించేవారు.

కొన్నేళ్ళు ఇలా బాగానే నడిచింది. తరవాత ఆవిడ ఎడంచేతిలో ఏదో తేడా నా కంటపడింది. చిటికెనవేలు పెట్టాల్సిన చోట పెట్టడం లేదు. ఉంగరంవేలునే పైకి జార్చి ఆ స్వరం అందుకుంటున్నారు. మొదట కొత్త పద్ధతేమో అనుకున్నాను. మన రాగాలు వాయించేటప్పుడు దానివల్ల నష్టమేమీ రాలేదు. మన సంగీతంలో జారుడు అందమే. ఆ మొదటి వరస పెద్దాయన కచేరీ అయ్యాక వచ్చి, "ఈమధ్య మీ కానడలో జారు మహా బాగుంటోందండి" అన్నారు.

"అవునండి, వేలు నేర్పిస్తోంది" అన్నారు ఆవిడ. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు క్యాంటీన్లో టీ తాగుతుంటే ఆవిడే ఎత్తారు.

"మీరు చూస్తున్నారు కదండీ, మూర్తిగారూ."

"ఏంటి మేడం?"

"నా వేలు. ఎదురుగా కూర్చుంటారు, మీకు కనిపించకుండా ఎలా ఉంటుంది?"

"నొప్పిగా ఉందా మేడం?"

"నొప్పయితే బాగుండేది, మందు వేసుకుందును. ఇది అలిగిందండి. కూర తరిగేటప్పుడు బాగానే ఉంటుంది. జడ వేసుకునేటప్పుడు బాగానే ఉంటుంది. వయొలిన్ మీదికి రమ్మంటే మటుకు లోపలికి ముడుచుకుపోతోంది."

డాక్టర్లకి చూపించుకున్నారు. రాజమండ్రిలో, తరవాత విశాఖపట్నంలో. చేతిలో లోపం లేదనీ, ఏళ్ళ తరబడి ఒకే పని చేసిన వేళ్ళకి మెదడు పంపే కబురు దారి తప్పుతుందనీ, కొందరు వాయిద్యకారులకి ఇలా వస్తుందనీ చెప్పారు. విశ్రాంతి తీసుకోమన్నారు. నయమవుతుందని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆవిడ సెలవు పెట్టి ఇంట్లో ఉండి, మళ్ళీ వచ్చారు. ఈసారి ఉంగరంవేలు కూడా ముడుచుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు మేం ఒక పాశ్చాత్య రచన సాధన చేస్తున్నాం. దాని చివరి భాగం అంతా పరుగు. మొదటి వయొలిన్ వాయించేవాళ్ళకి అన్ని వేళ్ళూ కావాలి. జారితే కుదరదు. ఆవిడ మూడుసార్లు ఆ పరుగు ఎత్తుకుని, మూడుసార్లూ మధ్యలో కమాను దించి ఒళ్ళో పెట్టుకున్నారు. తప్పు ఎవరిది అని మేం ఎవరం ఆలోచించుకోవలసిన పని లేదు. "నాదండి" అన్నారు ఆవిడ.

వీసీ గారికి సంగతి తెలిసి మా అందర్నీ పిలిచారు. ఆయన మంచివారే. ఆవిడంటే గౌరవం.

"మీరు ముందు కూర్చోవాలి మేడం. మీ పేరు చూసి జనం వస్తున్నారు. కష్టమైనవి తీసేసి, మీకు వీలైనవే పెట్టుకోండి. ఎవరికి తెలుస్తుంది?"

"కష్టమైనవి తీసేస్తే వీళ్ళేం చేస్తారండీ?" అన్నారు ఆవిడ, మా ముగ్గుర్నీ చూపిస్తూ. "వీళ్ళ చేతులు బాగానే ఉన్నాయి కదా."

మొదటి కుర్చీ సుధీరకి ఇస్తానన్నారు. సుధీర అక్కడే వద్దంది. బయటికి వచ్చాక వరండాలో ఏడ్చింది. "మీరున్న గదిలో నేను ముందు కూర్చోవడం ఏంటి మేడం? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. ఆవిడ బతిమాలలేదు, సర్దిచెప్పలేదు. స్కూటర్ మీద వాళ్ళాయన వస్తే ఎక్కి వెళ్ళిపోయారు.

సోమవారం నేను వచ్చేసరికి ఆవిడ అందరికంటే ముందే వచ్చి రెండో వయొలిన్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముందున్న స్టాండు మీద రెండో వయొలిన్ కాగితాలు ఉన్నాయి. శ్రుతి కూడా చేసేసుకున్నారు. నేను నా చోట కూర్చున్నాను. జోసెఫ్ గారు వచ్చి, ఆవిడ వైపు, నా వైపు చూసి, మాట్లాడకుండా చెల్లో బయటికి తీశారు. సుధీర చివర వచ్చింది. గదిలో ఖాళీగా ఉన్నది మొదటి కుర్చీ ఒక్కటే. ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"కూర్చోండి. ఎండెక్కితే ఈ గదిలో తీగలు శ్రుతిలో నిలవవు" అన్నారు ఆవిడ.

సుధీర కూర్చుంది. ఆ విషయం మళ్ళీ ఎవరం ఎత్తలేదు.

కానీ కుర్చీ మారినంత తేలిగ్గా అలవాటు మారదు. ఎత్తుగడ ఇవ్వాల్సింది ఇప్పుడు సుధీర. తను మొదలుపెట్టే ముందు ఒకసారి మేడం వైపు చూసేది. మేమూ అటే చూసేవాళ్ళం. ఆవిడ రెండు మూడు రోజులు చూసి, ఆ తరవాత ప్రతి ఎత్తుగడకీ ముందు కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టారు. కళ్ళు మూసుకున్న మనిషిని చూసి లాభం లేదు. సుధీర తన ఊపిరి తను పీల్చుకుని మొదలుపెట్టక తప్పలేదు. ఇప్పుడు కాస్త పక్కకి జరిగినా నాకు ఆవిడ కనురెప్పలు అదరడం కనిపించేది. సుధీర మొదలుపెట్టాక తెరిచేవారు.

ఆ పరుగు ఉన్న రచననే కచేరీలో పెట్టాం. చివరి భాగంలో ఒకచోట వెనక్కి వెళ్ళి, అదే మళ్ళీ మొదట్నుంచీ వాయించాలి. సుధీర కంగారులో అది మర్చిపోయి ముందుకు వెళ్ళిపోయింది. జోసెఫ్ గారూ నేనూ కాగితంలో ఉన్నట్టు వెనక్కి వెళ్ళాం. హాల్లో రెండు వేర్వేరు పాటలు వినిపిస్తున్నాయి. ఆవిడ ఆ క్షణంలో మాతో వచ్చి ఉంటే సుధీర వెంటనే వెనక్కి వచ్చేసేది. ఎన్నో ఏళ్ళు ఆవిడ వెనకాల నడిచిన పిల్ల. ఆవిడ మాతో రాలేదు. ఒక్క గెంతు గెంతి సుధీర ఉన్న చోటికి వెళ్ళి, మాకు వినపడేలా కమాను నొక్కి వాయించారు. మేమిద్దరం ఆ చప్పుడు పట్టుకుని వెళ్ళి అక్కడ కలిశాం. ఇదంతా జరగడానికి ఎంతోసేపు పట్టలేదు. జనం చప్పట్లు కొట్టారు.

లోపలికి వచ్చాక సుధీర గోడవైపు తిరిగి ఏడుస్తోంది. "మీరు నన్ను వెనక్కి లాగితే సరిపోయేది కదా మేడం. కాగితంలో ఏముందో మీకు తెలుసు కదా" అంది.

"తెలుసండి. లాగితే రేపట్నుంచి మళ్ళీ నన్నే చూస్తారు" అన్నారు ఆవిడ, వయొలిన్ తుడుచుకుంటూ.

సుధీర ఆ తరవాత ఆవిడ వైపు చూడడం మానేసింది. ఆవిడకి కళ్ళు మూసుకునే అవసరం పోయింది.

ఆ ఏడాది గడిచేసరికి రెండో కుర్చీకి కూడా ఆవిడ వేళ్ళు చాలలేదు. ఒక సాయంత్రం సాధన అయ్యాక, "రేపట్నుంచి వేరేవాళ్ళని చూసుకోండి" అని చెప్పి వెళ్ళిపోయారు. మా దగ్గర చదువుకున్న అమ్మాయినే ఒకర్తిని రెండో వయొలిన్‌కి తీసుకున్నాం. ఆవిడ పాఠాలు చెప్పడానికి విభాగానికి వచ్చేవారు గానీ సాధన గది వైపు వచ్చేవారు కాదు. కచేరీలకి కూడా రాలేదు. సుధీర ఫోన్ చేస్తే పాఠాల సంగతి మాట్లాడి పెట్టేసేవారు.

ఒకసారి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళాయన తలుపు తీశారు. వయొలిన్ పెట్టె బీరువా మీద ఉంది. ఆవిడ వంటింట్లో చిక్కుడుకాయలు తుంపుతున్నారు. నేను కూడా కూర్చుని కాసిని తుంపాను. మా అబ్బాయి చదువు గురించి, రైళ్ళ ఆలస్యం గురించి మాట్లాడుకున్నాం. సంగీతం మాట నేను ఎత్తలేదు. లేవబోతుంటే ఆవిడే అడిగారు.

"రాగాలకి శ్రుతి ఏం పెట్టుకుంటున్నారు?"

"కరెంటు పెట్టె మేడం. ఎప్పుడూ వాడేదే."

"ఎలా ఉంది?"

"ఏముంది, మోటారు తిరిగినట్టు ఉంటుంది."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఈనె పూర్తిగా తీసి, గిన్నెలో వేశారు. "సరే" అన్నారు. దేనికి సరే అన్నారో నాకు తెలియలేదు.

మరో వారానికి సాధన మధ్యలో తలుపు తీసుకుని లోపలికి వచ్చారు, వయొలిన్‌తో. ఒక కుర్చీ లాక్కుని మా వెనక, కొంచెం పక్కగా వేసుకున్నారు. శ్రుతి పెట్టె స్విచ్ ఆపేశారు. వయొలిన్‌లో వేలు పెట్టకుండా వాయిస్తే ఖాళీ తీగలు పలుకుతాయి. వాటిని షడ్జమం, పంచమాలకి సరిచేసుకున్నారు. వాటికి ఎడంచేతి వేళ్ళతో పని లేదు, కమాను చాలు. రెండు తీగల మీదా కమాను ఆనించి లాగడం మొదలుపెట్టారు. "కానివ్వండి సుధీర గారూ" అన్నారు. మేం మొదలుపెట్టాం.

ఆ రోజు నుంచి రాగాలు వాయించేటప్పుడు ఆవిడ మా వెనక కూర్చునేవారు. ఒకసారి హాల్లో ఎవరో కుర్రాడు, "క్వార్టెట్ అంటే నలుగురే కదండీ, ఐదుగురు ఉన్నారేంటి?" అని అడిగాడు.

"నన్ను లెక్కలో వెయ్యకండి. నేను కరెంటు పెట్టె బదులు వచ్చాను" అన్నారు ఆవిడ.

చలికాలంలో కడియంలో ఒక నర్సరీ ఆయన పిలిచాడు. వాళ్ళమ్మాయి మా దగ్గర చదువుకుంది. ఆకుపచ్చ వల కింద, మొక్కల వరసల మధ్య మాకు కుర్చీలు వేశారు. పక్కనే ఆడవాళ్ళు కవర్లలో మట్టి నింపుతున్నారు. వెనక లారీకి మొక్కలు ఎక్కిస్తున్నారు. నర్సరీ ఆయన పని ఆపించబోయాడు.

"ఆపమంటే ఆపుతామండి గానీ, సాయంత్రానికి ఈ లోడు ఎళ్ళిపోవాలి" అంది ఒకావిడ.

"ఆపకండి. మీ పని మీరు చేసుకోండి, మా పని మేం చేసుకుంటాం" అన్నారు మేడం.

డ్రైవరు లారీ స్టార్ట్ చేసి ఉంచాడు. "ఆ లారీ శ్రుతి వేరే ఉందండీ" అన్నారు జోసెఫ్ గారు. "అయితే వెళ్ళి దానికి చెప్పి రండి" అన్నారు మేడం. జోసెఫ్ గారు నిజంగానే వెళ్ళి ఇంజిన్ ఆపించి వచ్చారు. సుధీర ఆ రోజు మోహన ఎత్తుకుంది. చాలాసేపు వాయించింది. ఉందండి, ఆ రోజు మోహన ఉంది.

అయిపోయాక ఇందాకటి ఆవిడ చేతులు దులుపుకుంటూ వచ్చి, మేడం ముందు నిలబడింది.

"మీరేంటండి, మొదట్నుంచీ ఒకటే వాయించేరు?"

"నాకు అదే ఇచ్చారండి."

"పోన్లెండి. ఉంటే వాళ్ళే నేర్పుతారు" అంది ఆవిడ, ఓదార్పుగా.

కారెక్కాక మేడం ఈ మాట చెప్పి, ఆగి ఆగి నవ్వారు. జోసెఫ్ గారు కూడా నవ్వారు. సుధీర కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వాళ్ళు రాజమండ్రిలో దిగిపోయాక, రైలు స్టేషన్ దాకా నేనూ మేడమూ మిగిలాం. అన్నాళ్ళూ అడగనిది అప్పుడు అడిగాను.

"కష్టంగా ఉండదా మేడం?"

"ఎందుకుండదండీ? సుధీర ఆలాపన ఎత్తుకోగానే నా ఎడంచేతి వేళ్ళు లేస్తాయి. మీతో పని లేదు, కూర్చోండి అని చెప్పుకుంటాను. రోజూ చెప్పాలి."

మళ్ళీ ఆవిడే అన్నారు. "ఇంట్లో ఉంటే ఇంతకంటే కష్టంగా ఉందండి. అందుకని వచ్చేశాను."

అది మా చివరి సంభాషణ కాదు. తరవాత కూడా చాలాసార్లు మాట్లాడుకున్నాం, ఎక్కువగా పిల్లల పరీక్షల గురించి, పేపర్లు దిద్దడం గురించి. వేసవి వెళ్ళాక గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరారు. తిరిగి ఇంటికి రాలేదు.

ఆవిడ పోయాక చేసిన మొదటి కచేరీకి సాధన చేస్తుంటే, నేను అలవాటుగా శ్రుతి పెట్టె ప్లగ్గు పెట్టబోయాను. సుధీర వద్దంది. "మూర్తిగారూ, ఈ రాగంలో వయోలాకి పెద్ద పని లేదు. శ్రుతి మీరు పడతారా?" అంది. అందులో ఏముందిలే అనుకుని సరేనన్నాను.

కుర్చీ వెనక్కి వేసుకుని ఖాళీ తీగల మీద కమాను ఆనించి లాగాను. కమానుకి ఒక చివర ఉంటుంది. అక్కడిదాకా వెళ్ళాక వెనక్కి తిప్పాలి. తిప్పిన చోట శబ్దంలో చిన్న నొక్కు పడుతుంది. దాన్ని దాచాలని నెమ్మదిగా తిప్పితే ధ్వని సన్నబడుతోంది, గట్టిగా పట్టుకుంటే గీసుకుంటోంది. సుధీర ఆలాపన సగంలో ఉండగానే నా భుజం పట్టేసింది. ప్రతి నొక్కూ నాకు వినిపిస్తోంది, ముందున్న ముగ్గురికీ వినిపిస్తోందని వాళ్ళ వీపులు చూస్తే తెలుస్తోంది. ఎవరూ వెనక్కి తిరగలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు రైల్లో కూర్చుని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఎన్ని సాధనలు, ఎన్ని కచేరీలు ఆవిడ మా వెనక శ్రుతి పట్టారో. ఆవిడ కమాను ఎక్కడ తిరిగిందో నాకు ఒక్కసారి కూడా వినపడలేదు.